రాశానన్న మాట

మా అన్నయ్యని పేటలో అందరూ పెట్టెలాయన అంటారు. ఆ పేరు విని, శవపేటికలు చేస్తాడేమోనని కొత్తవాళ్ళు ఒకడుగు వెనక్కి వేస్తారు. అలాంటిదేం లేదు. పాత కార్లలో దూరప్రయాణం వెళ్ళేవాళ్ళకి దారిలో అక్కరకొచ్చే పనిముట్లూ విడిభాగాలూ ఒక పెట్టెలో సర్ది ఇవ్వడం అన్నయ్య పని. కార్లు బాగుచేసే మెకానిక్కులు వీధికి ముగ్గురున్నారు. ఏ కారు ఎంత దూరం పోయాక ఎక్కడ మొరాయిస్తుందో ముందే పసిగట్టి, అందుకు కావలసినవి సర్ది పంపేవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఉండేవాడు అనాలి. ఆ పని మానేసి పదకొండు నెలలైంది.

అమ్మ ప్రయాణానికి పెట్టె సర్దినప్పుడు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పడం మరిచిపోయాడనీ, దానివల్లే అమ్మ నడిరోడ్డు మీద పోయిందనీ అందరూ అంటారు. అన్నయ్యే అలా చెప్పుకున్నాడు. అది అబద్ధం. మరిచిపోలేదు, చెప్పాడు. కాగితం మీద రాయాల్సింది నేను. రాయలేదు. మలుపులు తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు కనక ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. మిగతాది అన్నయ్య గురించి.

అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పన్నెండో ఏట బడి మానేసి విడిభాగాల దుకాణంలో చేరాడు. అప్పటికి నాన్న పోయి ఏడాది. దుకాణంలో గుట్టలుగా పోసిన బోల్టుల్లోంచి అడిగిన సైజు కళ్ళు మూసుకుని తీసేవాడు గానీ, రెండు వరుసలు రాయమంటే చెమటలు పట్టేవి. చదవగలడు, కూడబలుక్కుని. రాస్తే మాత్రం కోడి గీకినట్టు ఉంటుంది. నాకేమో చిన్నప్పట్నుంచీ గుండ్రటి దస్తూరి. సాయంత్రం ఇంటికొచ్చి మర్నాడు ఎవరికి ఏం కావాలో అన్నయ్య చెబుతుంటే నేను రాసేదాన్ని. ఒక్కొక్కటీ రాయగానే "రాశాను" అనాలి. అంటే గానీ తరవాతిది చెప్పేవాడు కాదు. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ వయసులో ఇంట్లో ఒక పని నా మాట మీద ఆగి నడిచేదంటే ఎంత గర్వంగా ఉండేదో ఇప్పటికీ గుర్తే.

పెద్దయ్యాక అన్నయ్య సొంతంగా పెట్టెలు సర్దడం మొదలుపెట్టాక కూడా అదే పద్ధతి. ఇంటి ముందు గదికి షట్టరు, లోపలి గదిలో అరలు. కారువాళ్ళు వస్తే ముందు ఎక్కడికి వెళ్తున్నారని అడగడు. ఎవరెవరు వెళ్తున్నారని అడుగుతాడు. "పానా పట్టేదెవరు? మీరేనా? నడుం నొప్పేమైనా ఉందా?" అని ఆరా తీస్తాడు. పళ్ళ డాక్టరొకాయన మొదటిసారి వచ్చినప్పుడు "నేను కారు గురించి వచ్చాను, నడుం గురించి కాదు" అని విసుక్కున్నాడు. నడుం నొప్పి ఉన్నవాడికి బరువు జాకీ ఇస్తే కారు లేవదు సరికదా మనిషి కూడా లేవడు అన్నాడు అన్నయ్య. డాక్టరు ఆ తరవాత తొమ్మిదేళ్ళు అన్నయ్య పెట్టె లేకుండా ఊరు దాటలేదు.

పెట్టెలో ఎప్పుడూ కొత్త సామాను పెట్టేవాడు కాదు. కొత్త ఫ్యాన్ బెల్టు కొనిపిస్తే దాన్ని కారుకే బిగించి, అప్పటిదాకా తిరిగిన పాత బెల్టుని తుడిచి, పౌడరు రాసి, పెట్టెలో పెట్టేవాడు. "కొత్తది ఇంకా ఏ పనీ చెయ్యలేదు. పెట్టెలో కూర్చున్నంతసేపూ అది బంగారమే. దాని గుణం బిగించాక గానీ తెలీదు. పాతదానికి ఈ కారుతో కాపురం చేసిన అలవాటుంది" అనేవాడు. "అందుకే నన్నూ మార్చలేదు" అనేది వదిన వంటింట్లోంచి. ఆ కారు బోల్టు మీద తను పట్టి చూడని పానా పెట్టెలో ఉండకూడదు. అన్నీ పాత గుడ్డల్లో చుట్టాలి, గలగలమంటే మనిషికి కంగారట. ముందు కావాల్సింది పైన ఉండాలి. పెట్రోలు ట్యాంకుకి చిల్లి పడితే రుద్దడానికి అడుగున ఒక బట్టల సబ్బు. దాన్ని చూసి నవ్వినవాళ్ళే తిరిగొచ్చాక ఇంకో సబ్బు అడిగి తీసుకెళ్ళేవారు.

ఇన్ని ప్రయాణాలకి పెట్టెలు సర్దిన మనిషికి కారెక్కితే వాంతులు. పేట దాటేలోపే తల బయట పెట్టేవాడు. తన పెళ్ళికి కూడా నడిచే వెళ్ళాడు, పెళ్ళికూతురు రెండు వీధులవతల ఉండబట్టి సరిపోయింది. అందరూ తిరిగొచ్చి కబుర్లు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాడు. పెట్టె మూత కూడా తీయకుండా తిరిగొస్తే అన్నయ్య ముఖం వెలిగిపోయేది. సర్దినది దేనికీ పనికిరాలేదని అంత సంబరపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెట్టె మూత లోపల ఒక కాగితం అతికించేవాడు. పెట్టెలో ఏమేం ఉన్నాయో, ఏది దేనికో, ఆ కారుకి ఉన్న వంకరలేమిటో అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాలన్నీ నేనే రాశాను. అన్నయ్య లోపలి గదిలో వస్తువు చేతిలో పట్టుకుని గట్టిగా చెబుతాడు, నేను ముందు గదిలో స్టూలు మీద కూర్చుని రాస్తాను, "రాశాను" అంటాను, వస్తువు పెట్టెలోకి వెళ్తుంది. నాకు పెళ్ళయి రెండు వీధులవతలికి వెళ్ళాక కూడా సెలవురోజు వచ్చి రాసిపెట్టేదాన్ని. బడి ఆఫీసులో నా ఉద్యోగం కూడా రాతకోతల పనే. పిల్లల సర్టిఫికెట్లు రాస్తాను. పదమూడేళ్ళలో ఒక్క పేరు తప్పు రాయలేదు. దీన్ని గొప్పకి చెప్పడం లేదు.

కిందటేడు మా ఆయన ఒక పాత కారు కొన్నారు. కొనిపించింది అన్నయ్యే. అమ్మకి ఒక అక్క ఉంది, మా పెద్దమ్మ, కారులో ఆరు గంటల దూరం. ఆవిడ మంచం పట్టింది. అక్కచెల్లెళ్ళు చూసుకుని నాలుగేళ్ళైంది. అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, రైలు మెట్లు ఎక్కలేదు. గుండెకి మాత్రలు వాడుతోంది. "మీ ఆయన కారుందిగా, వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంటాను, నన్నొకసారి తీసుకెళ్ళి చూపించండే" అని నన్ను పట్టుకుంది. నేను మూడురోజులు సెలవు పెట్టాను. ఆ సెలవు కోసం హెడ్మాస్టరు చుట్టూ వారం తిరిగాను.

బయల్దేరే ముందురోజు పొద్దున పెట్టె సర్దుడు. అన్నయ్య ఆ రోజు మామూలుగా లేడు. "బ్రేకులు ఇంకోసారి చూడాలి, రెండు వారాలు ఆగండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఊరందరినీ పంపిస్తావు, సొంత అమ్మని పంపాలంటే నీకు బ్రేకులు గుర్తొచ్చాయా?" అన్నాను. "సొంత అమ్మ కాబట్టే" అన్నాడు. మా ఆయన సర్దిచెప్పి, బ్రేకులు అప్పటికప్పుడు చూపించారు. బాగానే ఉన్నాయి. అయినా అన్నయ్య చాదస్తం తగ్గలేదు. మామూలుగా పాతికకి మించని జాబితా ఆ రోజు నలభై దాటింది. పాయింట్లు, కండెన్సరు, రేడియేటరు గొట్టం, దాని క్లిప్పులు నాలుగు. రెండు చాలవా అంటే, ఒకటి పడిపోతుంది, ఒకటి విరుగుతుంది అన్నాడు. నేను రాశాను, రాశాను, రాశాను అంటూనే ఉన్నాను.

నలభైమూడు దగ్గర కాగితం రెండువైపులా నిండిపోయింది. రాతపుస్తకం వంటింట్లో ఉంది. లేచి వెళ్ళాలి. అప్పుడు లోపల్నుంచి అన్నయ్య, "ఇది వస్తువు కాదు, మాట. రాయి. ఎడమవైపు..." అంటూ ఏదో చెప్పాడు. ఎడమ అన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. మిగతాది వినలేదు. పెన్ను మూతపెట్టి "రాశాను" అన్నాను.

అంతే. లేచి కాగితం ఇచ్చేశాను. అన్నయ్య దాన్ని చదవలేదు, ఎప్పుడూ చదవడు. మూతకి అతికించి, పెట్టె మూసి, తాడు కట్టాడు.

మర్నాడు పొద్దున బయల్దేరాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. రెండు ఊళ్ళు దాటేదాకా పెద్దమ్మ చిన్నప్పుడు తనని ఎలా మోసం చేసి జామకాయ పెద్దముక్క కొట్టేసిందో చెబుతూనే ఉంది. పన్నెండు కావస్తుండగా ఎడమవైపు వెనక టైరు పంచరైంది. అటూ ఇటూ చేలు కూడా లేని రోడ్డు. నీడ లేదు. మా ఆయన చొక్కా చేతులు మడిచి, పెట్టె తెరిచి, జాకీ పెట్టి, నట్లకి పానా తగిలించారు. రాలేదు. మా ఆయన ఆరడుగుల మనిషి, పెళ్ళిలో గ్యాసు సిలిండరు భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కి అందరి దిష్టి తగిలించుకున్న మనిషి. పానా మీద కాలుపెట్టి ఎక్కి తొక్కారు. నట్టు కదిలింది, ఇంకొంచెం కదిలింది, ఠప్పుమని బోల్టు విరిగింది. రెండోది కూడా అంతే. ఇక మిగిలిన మూడూ ముట్టుకోవడానికి చెయ్యాడక అక్కడే రోడ్డు మీద కూర్చున్నారు.

అమ్మ కిటికీలోంచి, "తొందరేం లేదు బాబూ, నిదానంగా కానీయండి" అంది. నేను నీళ్ళిచ్చాను. మాత్ర వేసుకుంది. డోరు తెరిచి పెట్టి, చీరకొంగుతో విసిరాను కొంతసేపు. ఆ తరవాత వెళ్ళే వాహనాలు ఆపడానికి రోడ్డు మధ్యకి వెళ్ళాను. మూడు కార్లు ఆగకుండా పోయాయి. రెండు గంటలకి ఒక లారీ ఆగింది. డ్రైవరు భుజం మీద తువ్వాలు నేలమీద పరిచి, దాని మీద మోకాలుపెట్టి కూర్చుని, పానా తగిలించి, మా ఆయన తిప్పినవైపు కాకుండా రెండోవైపు తిప్పాడు. మంచినీళ్ళు తాగినంత సేపట్లో మూడు నట్లూ ఊడి చేతిలోకొచ్చాయి.

"ఇది ఎదురు చుట్టండీ. ఈ కారుకి ఎడమవైపు నట్లు తిరగేసి విప్పాలి. మీరు విప్పుతున్నాననుకుని బిగించారు. ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

స్టెప్నీ బిగించాడు. అయిపోయిందమ్మా వెళ్దాం అని చెప్పడానికి నేను వెనక డోరు దగ్గరకి వెళ్ళాను. అమ్మ కిటికీకి తల ఆనించుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే తెలిసింది.

లారీ డ్రైవరు తువ్వాలు దులిపి తలకి చుట్టుకున్నాడు, మళ్ళీ తీసేశాడు. మా ఆయన పెట్టె దగ్గరకి వెళ్ళి మూతలో కాగితాన్ని వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదివారు, చించకుండా ఊడదీసి వెనకవైపు కూడా చదివారు. "ఇందులో లేదు" అన్నారు. చెప్పాల్సిన సమయం అది. నేను నోరు తెరవలేదు. అప్పుడు నా లోపల భయం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. ఎవరో గది ఖాళీ చేసి వెళ్ళినట్టుంది. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో డాక్టరు, "ఇంట్లో ఉన్నా జరిగేదేనేమో. ఓ గంట ముందు తెచ్చుంటే... ఏమో, చెప్పలేం" అన్నాడు. ఆ 'ఏమో' దగ్గర అందరం ఆగిపోయాం.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నయ్య ముందు నిలబడి, "నేనే బలం చూపించి విరగ్గొట్టాను బావగారూ. నా మొరటుతనమే" అన్నారు. అన్నయ్య ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదివాడు. తిప్పి చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, "మీ తప్పేం లేదండీ. ఎదురు చుట్టు సంగతి చెప్పడం నేనే మరిచిపోయాను" అన్నాడు. నా వైపు చూడలేదు. నా ఎదురుగా, నా చెవులు వింటుండగా అన్నాడు. నేను పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తలొంచుకుని కూర్చున్నాను.

వచ్చినవాళ్ళందరికీ అన్నయ్య అదే చెప్పాడు. అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. లోకం నోరు మూతపడదు కదా. "ఊరందరికీ సబ్బు దగ్గర్నుంచి సర్దిపెట్టాడు, కన్నతల్లి దగ్గరకొచ్చేసరికి మరిచాడట" అని పేటంతా పాకింది. కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్ళని అన్నయ్యే పంపేశాడు. పళ్ళ డాక్టరు రెండుసార్లు వచ్చి, షట్టరు కొట్టి, వెళ్ళిపోయాడు. అన్నయ్య ఒక సామాన్ల గోడౌనులో చేరాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోల్టులు సైజులవారీగా డబ్బాల్లో వేస్తాడు. పన్నెండేళ్ళప్పుడు చేసిన పనే.

మా ఆయన మాత్రం తన తప్పేం లేదన్న అన్నయ్య మాట నమ్మలేదు. చెప్పకపోతే మాత్రం, రెండోది విరిగేదాకా ఎందుకు తొక్కానని ఆయన బాధ. కారు అమ్మేశారు. మా ఇంట్లో కుళాయి గట్టిగా కట్టరు, చుక్కలు పడుతూనే ఉంటాయి. ఊరగాయ సీసా మూత కూడా నా చేతికిస్తారు. నేను తీస్తాను, పెడతాను, బడికి వెళ్తాను, పేర్లు తప్పులేకుండా రాస్తాను, వస్తాను. చూసినవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు ఉంది, ఎంత గట్టి మనిషో అనుకున్నారు. గట్టితనం కాదు. నాకేమీ అనిపించేది కాదు. అమ్మ చీరలు పంచినప్పుడు కూడా బట్టల లెక్క రాసినట్టే రాశాను.

కిందటి శుక్రవారం వదిన బడికి వచ్చింది. ఎప్పుడూ రాదు. ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, మీ అన్నయ్య పనిముట్లన్నీ అమ్మేస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం గ్యారేజీ మేస్త్రీ వచ్చి తీసుకుపోతాడట. అవి కూడా పోతే ఇక ఆ మనిషికి ఏముంది చెప్పు? నా మాట వినడం లేదు. నువ్వు చెబితే వింటాడు" అంది.

"నా మాటా?" అన్నాను.

"చిన్నప్పట్నుంచీ నీ మాట మీదేగా నడిచాడు" అంది వదిన. పాపం, ఆవిడకేం తెలుసు.

ఆదివారం నేనూ మా ఆయనా వెళ్ళాం. చెప్పేయాలని నిశ్చయించుకునే వెళ్ళాను. ధైర్యం వచ్చిందని కాదు. ఇంక చెప్పకుండా ఉండటానికి కారణమేదీ మిగల్లేదు, అంతే. నేను చెబితే అన్నయ్య పేరు తిరిగొస్తుంది, పని తిరిగొస్తుంది అని లెక్క వేసుకున్నాను. షట్టరు సగం ఎత్తి ఉంది. అన్నయ్య నేలమీద కూర్చుని పానాలన్నీ పాత గుడ్డల్లో చుడుతున్నాడు. అమ్మేసేవాటిని కూడా చిన్నది పైకి, పెద్దది కిందికి వచ్చేలా వరుసగా సర్దుతున్నాడు.

"కూర్చోండి బావగారూ. వదినని టీ పెట్టమను బుజ్జీ" అన్నాడు.

నేను కూర్చోలేదు. "అన్నయ్యా, ఆ రోజు నువ్వు చెప్పావు. ఎదురు చుట్టు సంగతి. నేనే రాయలేదు. ఎడమ అన్న మాట ఒక్కటే విన్నాను. కాగితం అయిపోయింది, లేవడానికి బద్ధకమేసి, రాశానని అబద్ధం చెప్పాను" అన్నాను.

లోపల్నుంచి వస్తున్న వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మా ఆయన స్టూలు మీద కూర్చోబోతూ కూర్చోలేదు. అన్నయ్య చేతిలో పానాకి గుడ్డ చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టాడు.

"వినపడిందా?" అన్నాను.

"వినపడిందే. ఇప్పుడెందుకు చెప్పావు?"

"నువ్వు ఇవి అమ్మకూడదని."

"అంటే నేను అమ్మకపోతే చెప్పేదానివి కాదన్నమాట."

మా ఆయన అన్నయ్య వైపు తిరిగారు. "మీకు తెలుసా బావగారూ?"

"తెలుసండీ. ఆ కాగితం చదివిన రోజే తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ కాపురం చెడకూడదని."

"బాగుందండీ కాపురం. కుళాయి కట్టాలంటే అదీ విరుగుతుందేమోనని చెయ్యి రావడం లేదు నాకు. పదకొండు నెలలు. ఇద్దరికీ తెలుసు. ఎదురుగా కూర్చుని ఇద్దరూ నన్ను చూస్తూ ఊరుకున్నారు" అన్నారు మా ఆయన. కేకలు వెయ్యలేదు. వేసుంటే బాగుండేది.

అన్నయ్య తల వంచుకుని, "తప్పేనండీ. అది నా తప్పే" అన్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి, "పోనీ తెలిసిందిగా, ఇక పదిమందికీ తెలుస్తుంది. మేస్త్రీకి వద్దని చెప్పు. జాబితాలు నేను రాస్తాను, నాకూ అక్షరమ్ముక్క వచ్చు" అంది.

"నా మీద నింద ఉందని మానేశానా?" అన్నాడు అన్నయ్య. కోపంగా కాదు, బోల్టు సైజు చెప్పినట్టు చెప్పాడు. "నిందదేముంది, నాలుగు రోజులుంటుంది, పోతుంది. గోడౌనులో చేరకముందు పళ్ళ డాక్టరుకి ఒక పెట్టె సర్దాను, ఎవరికీ చెప్పలేదు. నేనే రాసుకున్నాను. నా రాత నేనే చదువుకున్నాను. నమ్మకం కుదర్లేదు. పెట్టె విప్పాను, మళ్ళీ సర్దాను, మళ్ళీ విప్పాను. మూత వెయ్యలేకపోయాను. ఇదివరకు బుజ్జి రాశానంటే నా పని అయిపోయేది. ముప్ఫై ఏళ్ళ పైగా అదే నాకు మూత. ఇప్పుడు ఎవరు రాశానన్నా నాకు వినపడదు. బుజ్జి చెప్పినా, నువ్వు చెప్పినా, నేనే చెప్పుకున్నా."

ఇన్నాళ్ళూ నా తప్పుని తన నెత్తిన వేసుకుని అన్నయ్య కుంగిపోతున్నాడని అనుకుంటూ వచ్చాను. నా నోటితో నిజం చెబితే ఆ బరువు దిగుతుందనుకున్నాను. దిగడానికి అక్కడ బరువేమీ లేదు. ఏదో ఉండాల్సింది లేదు, అంతే. దాన్ని నేను తిరిగి ఇవ్వలేను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పదకొండు నెలల్లో మొదటిసారి నాకు ఏదో అనిపించింది. సిగ్గు. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు.

మేస్త్రీ వచ్చాడు. అన్నయ్య ఒక్కో పానా ఎత్తి చూపించి, దేనికి వాడాలో చెప్పి ఇచ్చాడు. వదిన లోపలికి వెళ్ళిపోయింది. బండి వెళ్ళాక అన్నయ్య ఖాళీ అరలు గుడ్డతో తుడిచి, షట్టరు దించాడు. నన్ను తిట్టలేదు. వెళ్ళేటప్పుడు "ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు.

ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ మా ఆయన అడిగారు. "రోడ్డు మీద నేను పానా ఎక్కి తొక్కుతున్నప్పుడు, మీ అన్నయ్య ఎడమ అన్న మాట నీకు గుర్తొచ్చిందా?"

"లేదండీ" అన్నాను. నిజం. లారీ డ్రైవరు ఎదురు చుట్టు అన్నాక గానీ గుర్తురాలేదు. ఈ పదకొండు నెలల్లో ఆ రోడ్డు మీద గడిపిన రెండు గంటలూ నిమిషం నిమిషం తవ్వి చూసుకున్నాను. అంతకుముందు గుర్తురాలేదు.

"నిజంగానా?"

"నిజంగానే."

పదహారేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను ఒక మాట రెండోసారి అడగడం ఇదే మొదలు. తరవాత "సరే" అని లోపలికి వెళ్ళిపోయారు. నమ్మారా అని నేను అడగలేదు. అడిగితే నమ్మాననే అంటారు.